ఒకరుంటే ఇద్దరున్నట్టే

వేమగిరిపేట మొత్తం మీద ప్రేమ గురించి అధికారికంగా తెలిసినవాడు ఒక్కడే. అతని పేరు గుడిమెట్ల భాస్కరం. మిగతావాళ్లకి ప్రేమ సినిమాల వల్ల తెలిసింది, లేదా గోడ దూకడం వల్ల తెలిసింది. భాస్కరానికి మాత్రం విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చి మరీ తెలియజేసింది. 'మెటాఫిజికల్ కవిత్వంలో ప్రేమ' అన్న విషయం మీద అతను డాక్టరేట్ చేశాడు. ఆ పరిశోధన పుణ్యాన శ్రీ పార్వతీశ్వర కళాశాలలో ఇరవై రెండేళ్లుగా అదే పాఠం చెప్పి, అదే జీతం తీసుకుంటున్నాడు.

మెటాఫిజికల్ కవులంటే ఎవరో తెలియనివాళ్ల కోసం ఒక మాట. నాలుగొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో కొందరు కవులకి పువ్వులూ వెన్నెలా మొహం మొత్తాయి. వాళ్లు ప్రేమను పనిముట్లతోనూ, పటాలతోనూ, సుంకాలతోనూ పోల్చడం మొదలుపెట్టారు. ప్రియురాలికి మనసు విప్పాల్సి వచ్చినప్పుడు కూడా జడ్జిగారి ముందు ప్లీడరు నిలబడ్డట్టు నిలబడి, పాయింటు మీద పాయింటు లాగి వాదించేవాళ్లు. ఆ ప్రియురాళ్లు పాపం ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. భాస్కరానికి అందరికన్నా నచ్చిన కవి ఒకడుండేవాడు. పెద్ద పేరున్నవాడేం కాదు. ఆయన ఇద్దరు ప్రేమికుల్ని అడుగున గొట్టంతో కలిపిన రెండు నీళ్ల తొట్లతో పోల్చాడు. ఒక తొట్లో చెంబు ముంచితే రెండో తొట్లో కూడా మట్టం దిగుతుంది. కనక తొట్లు రెండైనా నీరు ఒక్కటే, మనుషులు ఇద్దరైనా ఆత్మ ఒక్కటే అని ఆయన వాదన. ఈ పద్యం చెప్పేటప్పుడు భాస్కరం గొంతు ఏటా ఒకే చోట వణికేది. అది అలవాటైన విద్యార్థులు ఆ చోటు రాగానే పుస్తకాలు సర్దుకునేవాళ్లు, ఎందుకంటే దాని తర్వాత గంట కొట్టేవాళ్లు.

క్లాసులో ఇంత వణికే గొంతు ఇంట్లో మామూలుగానే ఉండేది. భార్య హైమావతితో అతను మాట్లాడేది గ్యాసు బండ గురించి, మోటారు గురించి, డాబా మీద ఆరేసిన బట్టల గురించి. హైమావతి కూడా అదే కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పేది. వాళ్లమ్మాయి విశాఖలో చదువుకుంటోంది. ప్రేమ గురించి ఇంట్లో ప్రత్యేకంగా ఏమీ చెప్పనక్కర్లేదనీ, పరిశోధన గ్రంథం హాల్లో బీరువాలో ఉంది కాబట్టి ఎవరికైనా కావాలంటే తీసుకు చదువుకోవచ్చుననీ భాస్కరం ఉద్దేశం.

ఇలా కాలం సాఫీగా వెళ్లిపోతుంటే ఉన్నత విద్యా ఆచరణ మండలి అనే కొత్త మండలి ఒకటి పుట్టి, పుట్టీ పుట్టగానే ఒక ఉత్తర్వు ఇచ్చింది. 'బోధించునది సంస్థ యందు ఆచరించవలెను. ఆచరించనిది బోధించరాదు.' ఏ పాఠమైతే కళాశాల దైనందిన పరిపాలనలో అమలు కాదో ఆ పాఠాన్ని వచ్చే ఏడాది నుంచి ఎత్తేస్తారు.

కళాశాల ఉలిక్కిపడి లేచింది. అర్థశాస్త్రం వాళ్లు గిరాకీ సూత్రాన్ని క్యాంటీనులో అమలు చేశారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పునుగుల ధర పెరిగేది, క్లాసులు మొదలవగానే తగ్గేది. దాంతో పిల్లలందరూ క్లాసుల వేళే పునుగులు తినడం నేర్చుకున్నారు. రాజనీతిశాస్త్రం వాళ్లు ఎన్నికలు పెట్టారు. గెలిచిన కుర్రాడు మర్నాడే పార్టీ మారాడు. పాఠం సంపూర్ణంగా అమలైనట్టు మండలి నుంచి ప్రశంస వచ్చింది. చరిత్ర శాఖాధిపతి వంశపారంపర్య పాలన అధ్యాయాన్ని అమలు చేసి తన అల్లుణ్ణి గెస్టు లెక్చరరుగా వేసుకున్నాడు. ఏ హడావిడీ పడనిది హైమావతి ఒక్కతే. ఆవిడ పాఠం పందొమ్మిదేళ్లుగా కళాశాల వెనక తోటలో పెరుగుతూనే ఉంది.

ఒకనాడు ప్రిన్సిపల్ ద్విభాష్యం లక్ష్మీపతిగారు భాస్కరాన్ని పిలిపించారు. ఆయన మామూలుగా మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. నోరు తెరిస్తే సర్క్యులరే వచ్చేది.

"భాస్కరంగారూ, మీ పేపరుకి సంబంధించి ఆచరణాంశం శూన్యమని పరిశీలనలో తేలినది. ఇట్టి ప్రేమ కళాశాల యందు ఎక్కడ అమలగుచున్నదో తెలియపరచవలసి ఉన్నది."

"కవిత్వాన్ని ఎక్కడ అమలు చేస్తామండీ?"

"అమలు కాని యెడల రద్దగును."

ఆ పేపరు పోతే అతని చేతిలో మిగిలేది ఏమిటి? ప్రేమ తప్ప ఇంకేదీ చెప్పడం అతనికి చేతకాదు. ప్రేమ కూడా చేతనవునా అంటే అది వేరే సంగతి. ఆదివారమంతా కూర్చుని ఆ కవుల ప్రేమ సిద్ధాంతాన్ని నాలుగు పేజీల్లో విడమరిచి రాశాడు. సోమవారం నాడు దాన్ని పాలకవర్గం ముందు చదివాడు. కరస్పాండెంటు పైడికొండల వరహాలరావుగారు రైసు మిల్లుల యజమాని. ఆయన కాలేజీలో ఏనాడూ ఏ పాఠమూ వినలేదు. ఆ రోజు మాత్రం కుర్చీలో ముందుకు జరిగి విన్నారు.

"ప్రేమికులు ఇద్దరైనా ఆత్మ ఒక్కటే అంటారండీ ఈ కవులు," అని భాస్కరం చెబుతున్నాడు. "అందుచేత ఒకరు ఎంత దూరం వెళ్లినా వెళ్లినట్టు కాదు. ఇక్కడ ఒకరుంటే ఇద్దరున్నట్టే."

వరహాలరావుగారు పళ్లు కుట్టుకుంటున్న పుల్ల పక్కన పెట్టారు. "ఆగండాగండి మాస్టారూ. ఒకరుంటే ఇద్దరున్నట్టేనా? ఇది పుస్తకంలో ఉందా?"

"ఉందండి."

"సిలబస్సులో ఉందా?"

"ఉందండి."

"మరింకేం లక్ష్మీపతిగారూ, మన అటెండెన్సు గొడవ తీరిపోయినట్టేనండి! పిల్లలు సగమే వస్తన్నారని ఆ మండలోళ్లు పీక్కుతింటన్నారు గదా. ఈ మాస్టారు చెప్పిన లెక్క పెట్టండి. వచ్చినోడికి రానోడిని జత కట్టేయండి!"

భాస్కరం నోరు తెరిచాడు. కానీ ఇరవై రెండేళ్లలో తన పాఠం విని ఒక మనిషి మొహం వెలగడం అతను చూడటం అదే మొదలు. తెరిచిన నోరు మూసుకుని చిరునవ్వు నవ్వాడు. అతను చేసిన తప్పేదైనా ఉంటే అది ఆ నవ్వే.

వారం తిరక్కుండా ఏకాత్మ హాజరు విధానం అమల్లోకి వచ్చింది. ప్రేమించుకుంటున్నామని దరఖాస్తు పెట్టుకున్న జంటలో ఎవరొచ్చినా ఇద్దరికీ హాజరు పడుతుంది. అప్పటిదాకా జంటగా కనిపిస్తే జరిమానా వేసిన కళాశాల ఇప్పుడు విడిగా కనిపించినవాళ్లని ఆఫీసుకి పిలిచి కారణం అడగసాగింది. బండి ఒకటే ఉందని కలిసి వచ్చేవాళ్లూ, క్యారేజీ పంచుకునేవాళ్లూ కూడా దరఖాస్తులు పెట్టారు. బి.ఎస్‌సి. రెండో ఏడు తులసీరత్నం అనే అమ్మాయి జ్వరమొచ్చినా క్లాసు మానేది కాదు. ఆ అమ్మాయి తమ ఆత్మేనని హాస్టలు కుర్రాళ్లు బారులు తీరారు. తులసీరత్నం ఏడుపు మొహంతో భాస్కరం దగ్గరికి వచ్చింది.

"సార్, నేనెవర్నీ ప్రేమించట్లేదు సార్. నా అటెండెన్సు నాకు చాలు. వీళ్లకెందుకు సార్ ఇవ్వడం?"

దీని మీద ప్రిన్సిపల్‌గారు భాస్కరం నిపుణాభిప్రాయం కోరారు. ఒక ఆత్మలో ఎంతమంది పట్టుదురు? భాస్కరం రెండు రోజులు గ్రంథాలు తిరగేసి, కవులు ఇద్దరికి మించి అనుమతించలేదనీ, ఆ ఇద్దరూ ఒప్పుకుంటేనే ఆత్మ ఒక్కటవుతుందనీ జవాబు రాశాడు. తులసీరత్నం బతికిపోయింది. అతని మాట మీద కళాశాల నడుస్తోందన్న సంగతి ఊరంతా పాకింది. పాలు పోసే అతను కూడా 'ప్రేమ మాస్టారు' అని నమస్కారం పెట్టాడు. మండలి తనిఖీకి వచ్చి, ఖాళీ బెంచీలను చూసి, పూర్తి హాజరును చూసి, ఆచరణలో రాష్ట్రానికే ఆదర్శమని మెచ్చుకుని భాస్కరానికి శాలువా కప్పింది. శాలువా కప్పుకుని ఇంటికి వచ్చిన భాస్కరం అద్దం ముందు కొంచెంసేపు నిలబడ్డాడని చెప్పక తప్పదు.

"మీ పుణ్యమా అని నా ప్రాక్టికల్స్‌కి సగం మంది రావట్లేదు," అంది హైమావతి చిక్కుడుకాయలు ఒలుస్తూ. "మందార పువ్వు కోసి చూపించమంటే ఎవరు కోస్తారు? ఆత్మ కోస్తుందా?"

"అదొక దృక్పథం హైమా. నువ్వు మరీ పదార్థవాదివి."

"అవును మరి. నా పదార్థానికి నీళ్లు పోయకపోతే చచ్చిపోతుంది."

కొన్నాళ్లకి హైమావతి వాళ్లమ్మకి కంటి ఆపరేషను అయింది. ఆవిడ సెలవు చీటీ పెట్టింది. అది ఆఫీసు నుంచి ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. 'భర్త విధులయందు హాజరు ఉన్నందున భార్య సైతం హాజరు ఉన్నట్లే. లేని గైర్హాజరుకు సెలవు మంజూరు చేయు వీలు లేదు.' హైమావతి నవ్వుకుని ఊరికి వెళ్లింది. హాజరు పట్టీలో ఆవిడ సంతకం మాత్రం భాస్కరం చేత పెట్టించారు. అంతటితో ఆగినా బాగుండేది. ఆవిడ హాజరున్నప్పుడు ఆవిడ క్లాసు ఎందుకు జరగకూడదని ప్రిన్సిపల్‌గారికి ధర్మసందేహం వచ్చింది.

అలా భాస్కరం వృక్షశాస్త్రం ప్రయోగశాలలో, ఎదురుగా ఒక మందార పువ్వుతో, చేతిలో ఒక బ్లేడుతో నిలబడాల్సి వచ్చింది. ఆ పువ్వును ఎటు నుంచి కొయ్యాలో అతనికి తెలియదు. కోయడమెందుకో అంతకన్నా తెలియదు. చివరికి బ్లేడు కింద పెట్టి, కేసరాలు నడుమనున్న కీలాన్ని చుట్టుకుని ఉండటం రెండు ఆత్మలు ఏకం కావడమేనని ముప్పావుగంట సేపు వాదించాడు. గొంతు మామూలు చోటే వణికింది. పిల్లలు నోట్సు రాసుకున్నారు. పరీక్షలో వాళ్లు అదే రాసి తప్పడం తర్వాతి సంగతి.

గుమ్మం బయట వరహాలరావుగారు నిలబడి అంతా చూశారు. ఆయన మొహం మళ్లీ వెలిగింది.

"చూశారా లక్ష్మీపతిగారూ! ఆవిడ పని కూడా ఈయనే కానిచ్చేశాడు. ఒకరుంటే ఇద్దరున్నట్టేనని ఈయనే గదా చెప్పాడు. మరి ఇద్దర్నెందుకండీ పెట్టుకోడం?"

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు పడింది. 'ఏకాత్మ దంపతులు రెండు ఉద్యోగములు నిర్వహించుట సిద్ధాంత విరుద్ధము. కావున జూనియరు ఉద్యోగము సీనియరు ఉద్యోగమునందు విలీనము చేయడమైనది.' కళాశాలలో ఉద్యోగం చేస్తున్న దంపతుల జంట ఒక్కటే. అందులో జూనియరు హైమావతి.

ఆవిడ జూనియరెందుకైందో భాస్కరానికి తెలుసు. ఇద్దరికీ ఒకేసారి ఇంటర్వ్యూ ఉత్తరాలు వచ్చాయి. అప్పటికి పాప కడుపులో ఉంది. అతని పరిశోధన సగంలో ఉంది. పాపకి మాటలొచ్చేదాకా ఆవిడ ఇంట్లో ఉండిపోయి, పొయ్యి దగ్గరి నుంచి పురిటి గుడ్డల దాకా అన్నీ తనే చూసుకుంది. అతను ఉద్యోగంలో చేరి, ఇంటికొచ్చాక పక్క గదిలో తలుపేసుకుని ప్రేమ గురించి రాసుకున్నాడు. పట్టా చేతికొచ్చాక ఆవిడ ఉద్యోగంలో చేరింది.

ఉత్తర్వు పడిన పూటే స్టాఫ్ రూములోంచి హైమావతి కుర్చీ తీసేశారు. భాస్కరం పరుగున కరస్పాండెంటు గదికి వెళ్లాడు.

"అయ్యా, అది కవిత్వమండీ! దాన్ని అలా తీసుకోకూడదండీ!"

వరహాలరావుగారికి నిజంగానే బాధ కలిగింది. "అదేంటి మాస్టారూ అలాగంటారు? తీసుకోకూడని దాన్ని పిల్లలకెందుకు చెప్తన్నారండి మరి? నేను మీ మాట మీద గౌరవంతో చేస్తే మీరే కాదంటారా?"

కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని పెద్దలు అననే అన్నారు. తన పేపరు నిలబెట్టుకోడానికి వేసిన మందు హైమావతి ఉద్యోగాన్ని ఊడగొట్టింది.

ఇంటికి వెళ్లేసరికి, సంగతి తెలిసి ఊరి నుంచి వచ్చేసిన ఆవిడ వంటింట్లో లేదు, పెరట్లోనూ లేదు. హాల్లో కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. ఆవిడ ఊరికే కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు. అతనికి భయం వేసింది.

"హైమా, వాళ్లు దాన్ని నిజమనుకుంటారని నేను..."

"మీరు అనుకోలేదా?"

"ఏంటి?"

"నిజమని. అన్నేళ్లు చెప్పారు గదా. ఒక్కనాడన్నా నిజమని అనుకోలేదా?"

ఆ కవులైతే దీనికి నాలుగు పాయింట్లు చెప్పేవాళ్లు. భాస్కరం బీరువాలోని పరిశోధన గ్రంథం వైపు చూశాడు. ఆవిడ లేచి మొహం కడుక్కుని వచ్చింది.

"నా తోటకి నీళ్లెవరు పోస్తారండీ?" అంది. "ఆ పిల్లలకి మూడో ఏడు పాఠాలు మధ్యలో ఉన్నాయి. నేను వాళ్లకి చెప్పాల్సిన మనిషిని. మీ ఆత్మలో సగం ముక్కని కాదు." గొంతు పెంచకుండా అంది. పెంచి ఉంటే అతనికి కొంచెం తేలికగా ఉండేది.

అప్పీలు చేసుకోవచ్చునని ఉత్తర్వు చివర చిన్న అక్షరాల్లో ఉంది. తాము ఏకాత్మ కాదనీ, ఇద్దరనీ రుజువు చేసుకుంటే రెండు ఉద్యోగాలూ ఉంటాయి. విచారణకి ఏకసభ్య కమిటీ వేశారు. ఆ సభ్యుడు నిమ్మకాయల పరంధామయ్యగారు, రిటైరైన తహసీల్దారు. ఆయన జీవితమంతా పొలం గట్ల తగాదాలు తీర్చినవాడు. ఆత్మనైనా ఆయన గొలుసు పట్టుకుని కొలిచే రకం.

"ఇది ఉమ్మడి ఖాతాలో నడుచుచున్న రెండు ఆత్మల సరిహద్దు వివాదము," అని ఆయన విచారణ ప్రారంభించారు. "ఎవరి హద్దు ఎంతవరకో స్థల పరిశీలన మీద తేల్చెదను. ఇద్దరినీ విడివిడిగా అవే ప్రశ్నలు అడిగెదను. జవాబులు కలిసినచో ఒకే కమతము, విడిపోయినచో రెండు కమతములు."

విచారణకి ముందురోజు భాస్కరం ఇద్దరం కూడబలుక్కుని వేరు వేరు జవాబులు చెబుదామన్నాడు. కూడబలుక్కుంటే అదే ఒక్క బుర్ర అయిపోతుంది, నోరు మూసుకుని నిజం చెప్పండి, మనం ఇద్దరమేనని మీకే తెలుస్తుంది అంది హైమావతి. ఆవిడ మాట మీద అతనికి నమ్మకం కుదిరింది. తాము ఇద్దరమని రుజువు కావాలని ప్రేమ మాస్టారు వినాయకుడికి కొబ్బరికాయ మొక్కుకుని మరీ విచారణకి వచ్చాడు.

భాస్కరాన్ని ముందు పిలిచారు. భార్యకి ఇష్టమైన పువ్వేది? మల్లె అన్నాడు. మీకు దేనికైనా భయమా? దేనికీ లేదన్నాడు. మొట్టమొదట ఎక్కడ కలుసుకున్నారు? విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. నిన్న మధ్యాహ్నం కూరేమిటి? బీరకాయ. మీ ఇద్దరి మధ్య చివరి తగాదా ఎప్పుడు? ఈ పొద్దున్నే. ఇలా చాలాసేపు సాగింది. తర్వాత అతన్ని పక్క గదిలో కూర్చోబెట్టి హైమావతిని పిలిచారు. ఆఖర్న ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పరంధామయ్యగారు జవాబులు చదివారు. ఒక పక్క ప్రిన్సిపల్‌గారు, ఇంకో పక్క వరహాలరావుగారు కూర్చున్నారు.

"పువ్వు. భర్త: మల్లె. భార్య: కోసిన పువ్వేదీ ఇష్టం లేదు. భిన్నము. భయము. భర్త: లేదు. భార్య: ఆయనకి బల్లంటే భయం. భిన్నము. తొలి కలయిక. భర్త: గ్రంథాలయము. భార్య: బస్సులో, నేను నిలబడి ఉంటే ఆయన కిటికీ పక్కన కూర్చుని పద్యం చదువుకుంటూ చోటివ్వలేదు. భిన్నము."

భాస్కరానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఓ పక్క పరువు పోతోంది, ఇంకో పక్క ఉద్యోగం నిలబడుతోంది. ప్రతి భిన్నానికీ సిగ్గుపడుతూ సంతోషించాడు.

"కూర. ఇద్దరూ: బీరకాయ. అభిన్నము. చివరి తగాదా. ఇద్దరూ: ఈ పొద్దున్నే. అభిన్నము. తగాదాకి కారణము. ఇద్దరూ: భర్త. అభిన్నము."

అలా చదువుకుంటూ పోతే చివరికి భిన్నాలూ అభిన్నాలూ సరిసమానంగా వచ్చాయి. పరంధామయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఇలాంటి పొలం ఆయన సర్వీసులో తగల్లేదు.

"మిగిలినది ఆఖరు ప్రశ్న. దీని మీదనే హద్దురాయి పడును. 'ఒక్కరినే ఉంచవలసి వచ్చినచో ఎవరిని ఉంచవలెను?' భర్త జవాబు."

భాస్కరం తన జవాబును మళ్లీ విన్నాడు. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పిన మాట హైమావతి ఎదురుగా వినబడుతుంటే చెవులు వేడెక్కాయి.

"'హైమావతిని ఉంచండి. నా పాఠం పోతే ఎవరికీ ఏమీ కాదు. ఆవిడ పాఠం పోతే తోట ఎండిపోతుంది, పిల్లలు పాడైపోతారు. ఇదివరకు నా కోసం ఒకసారి ఇంట్లో ఉండిపోయింది. మళ్లీ ఉండకూడదు. ఈసారి నేను ఉంటాను.'"

హైమావతి తలెత్తలేదు. చేతిసంచి పిడి తిప్పుతూ ఉంది.

"భార్య జవాబు. 'ఆయన్నే ఉంచండి. నేనెక్కడైనా బతుకుతాను, మట్టి ఉన్నచోటల్లా నాకు పనుంది. ఆయనకి ఆ పాఠం తప్ప ఇంకేదీ రాదు. అది కూడా సరిగ్గా వచ్చో రాదో నాకు తెలీదు. కానీ అది చెప్పిన రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తింటారు. అది తీసేస్తే మనిషి ఉండడు.'"

పరంధామయ్యగారు రెండు జవాబుల మీదా పెన్నుతో గీత గీశారు.

"భర్త: భార్యను. భార్య: భర్తను. ముఖ్యమైన ఈ విషయమున ఇరువురికీ ఏకాభిప్రాయము కుదరలేదు. భిన్నము. ఇట్టి దంపతుల మధ్య ఏకాత్మత గాని, తత్సంబంధమైన ప్రేమ గాని లేదని కమిటీ నిర్ధారించినది. రెండు కమతములు. రెండు ఉద్యోగములు కొనసాగవచ్చును."

హైమావతి ఉద్యోగం నిలబడింది. భాస్కరం సంతోషించాలి. సంతోషించాడు కూడా. కానీ అదే క్షణంలో అతని లోపలి పండితుడు చటుక్కున లేచి కూర్చున్నాడు. అయ్యా, తమరు బోర్లా చదివారు! ఆమెను నేను, నన్ను ఆమె ఉంచమనడమే గదా ప్రేమంటే! ఈ ఒక్క చోట మా జవాబులు విడిపోయాయి కాబట్టే మేమిద్దరం... నాలుగొందల ఏళ్లుగా ఆ కవులందరూ తడుముకున్న వాదన ఇదిగో, పాయింటు పాయింటుగా నాలిక చివరకి వచ్చింది. ఇంత గొప్ప వాదన అతనికి జన్మలో ఎప్పుడూ తట్టలేదు. ఎదురుగా వినడానికి ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు. అతను గొంతు సవరించుకుని లేవబోయాడు.

బల్ల కింద హైమావతి అతని కాలు గట్టిగా తొక్కింది.

భాస్కరం కూర్చున్నాడు. మింగలేక కక్కలేక, చివరికి మింగాడు. తన భార్య మీద తనకు ప్రేమ లేదన్న తీర్పును చేతులు కట్టుకుని ఒప్పుకున్నాడు. వాదన చేతిలో ఉంచుకుని కూడా అతను ఊరుకున్నది జీవితంలో అదొక్కసారే.

"ఇంకొక అంశము," అన్నారు లక్ష్మీపతిగారు గొంతు సవరించుకుని. "ఆచరించనిది బోధించరాదని మండలి ఉత్తర్వు స్పష్టముగా ఉన్నది. భాస్కరంగారికి ప్రేమ లేదని ఇప్పుడే రుజువైనది. కావున వారు ప్రేమ పేపరు బోధించుటకు అనర్హులు. సదరు పేపరును కామర్సు శాఖలో కొత్తగా వివాహమైన లెక్చరరుకు అప్పగించడమైనది. భాస్కరంగారు రేపటి నుంచి ఆఫీసు ఉత్తరాలు రాయు విధానము బోధించెదరు."

వరహాలరావుగారు లేచి వచ్చి భాస్కరం భుజం తట్టారు. "బాధపడకండి మాస్టారూ. ప్రేమ లేకపోతే మాత్రం ఏమైందండి, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి గదా. లోకంలో చానామంది అలాగే కాపురం చేస్తన్నారు."

బయట స్కూటర్ల షెడ్డు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. హైమావతి ముక్కు చీదుకుంది. ఎందుకని అతను అడగలేదు, జలుబని ఆవిడా చెప్పలేదు.

"లోపల ఏదో చెప్పబోయారు," అంది. "ఏంటది?"

భాస్కరం ఆ మహావాదనను బయటికి తీద్దామనుకున్నాడు. ఒక్క పాయింటు కూడా మిగల్లేదు.

"ఆ కవులు తప్పు చెప్పారు హైమా. నువ్వూ నేనూ ఒకటైపోతే, నన్ను ఉంచమని నువ్వు ఎవరితో చెప్తావు? నిన్ను ఉంచమని నేనెవరితో చెప్తాను? ఇద్దరుండాలి. నువ్వు నాకు వేరుగా కావాలి." గొంతు వణికింది. ఎప్పుడూ వణికే చోట కాదు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇన్నేళ్లలో చెప్పలేదు."

హైమావతి చేతిసంచి స్కూటరు హ్యాండిలుకి తగిలించింది.

"అయితే ఇరవై రెండేళ్లు పిల్లలకి తప్పే చెప్పారన్నమాట."

"తప్పే చెప్పాను."

"పోన్లెండి," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుని వెనక సీటు మీద కూర్చుంటూ. "వాళ్లెవరూ వినలేదు. విన్నది ఆ వరహాలరావుగారొక్కరే."